రెండు రికార్డుల్లో ఒకటి

అన్నా,

ఈ ఉదయం రోకలి కొన ఇనప పొన్నులో నల్లటి రికార్డు ముక్క ఇరుక్కుని కనిపించింది.

నీ ఓడ మునిగి నిన్నటికి ఏడాది. "ఈ పాటలే నా కొడుకుని మళ్లీ ఓడెక్కించినాయి," అంటూ నాన్న రోకలెత్తాడు. నువ్వు కొలంబోలో కొన్న ఆర్గన్ వాయించే ఆ జాజ్ కళాకారుడి రికార్డులు రెండూ ఒళ్లో దాచుకున్నాను. పెదవి చిట్లేలా కొట్టాడు.

"ఒకటి పెట్టుకో మే. రెండోది ఇట్టా ఇయ్."

మనం పోట్లాడుకున్నదీ ఆ రెండింటి మీదే. ఎర్ర లేబుల్‌ది అతని కుర్రతనపు వాయింపు. కృష్ణపట్నం రేవు మీదికి తుఫాను వచ్చినట్టు ఉంటుంది. నీకదే ఇష్టం. కొన్నేళ్ల తర్వాత వేరే కంపెనీకి వాయించిన నీలం లేబుల్‌లో స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి పీల్చుకుంటాడు. అదే గొప్పదని నా వాదం.

నీలందాన్ని ఇచ్చేశాను. నాన్న దాన్ని పొడి చేశాడు.

నీ ఎర్రది నా ట్రంకులో చీరల మధ్య భద్రంగా ఉంది. నాన్న మొదటి దెబ్బ గ్రామఫోన్ మీదే వేశాడు.