నీరుగొబ్బికి ఎర్ర రిబ్బన్లు

మండవల్లి దగ్గర, నవంబరు 3

చిరంజీవి ఇందుజకి మావయ్య దీవెనలు.

అదే చెబుతున్నాను, ఆ రిబ్బన్లు కట్టకుండా ఉండాల్సింది. నీ చదువు కోసం నా చేపల చెరువు గట్టు మీద నీరుగొబ్బి మొక్కలు పీకకుండా ఉంచమన్నావు, ఉంచాను. వారం వారం పూలు లెక్కపెట్టమన్నావు, ఫోనులో చెబితే కుదరదు కాగితం మీద రాయమన్నావు, రాస్తున్నాను. ఈ వారం నలభై రెండు. లెక్కపెట్టడానికి వంగిన నడుము ఇంకా లేవలేదు.

కానీ ప్రతి మొక్క పక్కనా కర్ర పాతి ఎర్ర రిబ్బను కట్టి వెళ్ళావు. మా కొల్లేరు వాళ్ళకి ఎర్రగుడ్డ కర్ర అంటే ఒకటే అర్థం. సర్కారు కొలతలవాళ్ళు వచ్చారు, ఇది ఆక్రమించిన సరస్సు భూమి, గట్టు కొట్టేస్తారు. పక్క చెరువు ఎజ్రా పొద్దున్నే వచ్చాడు.

"ఏవండీ గంగరాజుగారూ, మీ గట్టు ఎప్పుడు కొడతారంటండీ?"

"అవి మా మేనకోడలు పెట్టుకున్న గుర్తులయ్యా, మొక్కలకి."

"ముళ్ళమొక్కకి రిబ్బను ఎవరు కడతారండీ?"

ఒకటి విప్పబోయి, నిన్ను అడగకుండా ఎందుకని మళ్ళీ ముడేశాను.

ఇట్లు,
గంగరాజు

తా.క.: మీ అత్తయ్య చీర ఆ ముళ్ళకి చిరిగింది. దీనికి శాస్త్రంలో పేరేమిటని అడుగుతోంది. తను పెట్టిన పేరు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

తాడేపల్లిగూడెం, నవంబరు 8

మావయ్యకి నమస్కారాలతో,

రిబ్బన్లు తీయకండి. నెలాఖరులో మా గైడు క్యాథరిన్ మేడం మొక్కల్ని చూడ్డానికి వస్తారు. ఆవిడ కళ్ళారా చూసి సంతకం పెడితేనే నా థీసిస్‌లో ఆ అధ్యాయం ఉంటుంది. లేకపోతే మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగాలి.

ఊళ్ళోవాళ్ళకి విడమరిచి చెప్పండి. ఈ ప్రజాతి పేరు హైగ్రోఫిలా, అంటే తడిని ఇష్టపడేది. ఇందులో చాలా జాతులున్నాయి. ముళ్ళు లేనివీ ఉన్నాయి, ఒకదాన్ని గాజుతొట్లలో చేపల మధ్య పెంచుతారు. మన గట్టు మీదది కణుపుకి ఆరు ముళ్ళ జాతి. తడినేల ఉంటేనే బతుకుతుంది. ఇదంతా చదివి వినిపిస్తే వాళ్ళ భయం పోతుంది.

మీ ఇందుజ

తా.క.: అత్తయ్య పెట్టిన పేరు విడిగా చీటీ మీద పంపమనండి.

మండవల్లి దగ్గర, నవంబరు 15

అమ్మా ఇందుజా, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం టీకొట్టు దగ్గర చదివి వినిపించాను. భయం పోలేదు, దానికి ఆధారం దొరికింది. "తడినేల ఉంటేనే బతుకుతుంది" అనేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఎజ్రా నెమ్మదిగా అన్నాడు, "అంటే ఇది ఎవరి గట్టు మీదుంటే వాళ్ళది సరస్సు భూమని సాక్ష్యం అన్నమాటండీ."

మధ్యాహ్నానికల్లా ఊరంతా గట్ల మీదే ఉంది. సాయంత్రానికి నా గట్టు మీద తప్ప ఎక్కడా ఒక్క గొబ్బిమొక్క లేదు. పీకినవన్నీ ఏం చేశారంటే ఎవరూ చెప్పరు. నేను కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా పీకిన మొక్కకి కాపలా.

ఇట్లు, అలిసిపోయిన
గంగరాజు

తా.క.: పూలు యాభై ఒకటి. గాజుతొట్టి సంగతి మన చేపలకి చెప్పాను. పట్టించుకోలేదు.

తాడేపల్లిగూడెం, నవంబరు 20

మావయ్యకి,

దయచేసి కాపలా వదలకండి. ఇప్పుడు నాకున్నవి మీ మొక్కలే. మేడం ఇరవై ఆరున వస్తున్నారు. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ పడింది, ఆవిడ ఒక్కరే వస్తారు.

మీమీదే భారం వేసిన,
ఇందుజ

తా.క.: మేడం ఎక్కువ మాట్లాడరు. మాట్లాడకపోతే కోపం అనుకోకండి. మాట్లాడితే అనుకోండి.

మండవల్లి దగ్గర, నవంబరు 28

చిరంజీవి ఇందుజకి మావయ్య దీవెనలు.

ముందు చెడ్డ కబురు. ఇరవై అయిదున చెరువులోకి మందు తేవడానికి ఏలూరు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గట్టు నున్నగా ఉంది.

"మీరు మొహమాటస్తులండీ. మేనకోడలికి చెప్పలేరని మేమే పీకేశామండీ," అన్నాడు ఎజ్రా. అరిచేతుల నిండా ముళ్ళు. తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు మేడంగారు వచ్చి ఖాళీ గట్టు చూశారు. ఇక నీ ఏడాది పోయిందనుకుంటూ ఆవిడకి కుర్చీ వేశాను. ఎజ్రాకి జాలేసినట్టుంది. "మొక్కలేగా మేడంగారూ, రండి," అని కాలవ దాటించి అవతలి ఊరి గట్ల మీదకి తీసుకెళ్ళాడు. మనవాళ్ళు పీకినవన్నీ అక్కడ నాటారమ్మా, కొలతలవాళ్ళొస్తే అవతలివాళ్ళ గట్లే సరస్సు భూమని తేలుతుందని. అన్నీ బతికి పూస్తున్నాయి.

"వాటంతటవే మొలిచాయండీ," అన్నాడు.

మేడంగారు గొంతుక్కూర్చుని జానతో మొక్కల మధ్య ఎడం కొలిచారు. "మాది అత్తిలండీ. మా అమ్మతో ఊడ్పులకి వెళ్ళినదాన్ని. వరసలకి తాడు పట్టిందెవరు? మూడో వరస వంకరపోయింది."

ఎజ్రా తలొంచుకుని, "నేనేనండీ," అన్నాడు.

ఆవిడ నవ్వి సంతకం పెట్టారు. నీ అధ్యాయం నిలబడింది, పేరు మాత్రం మారింది. పీకి నాటినా ఈ జాతి ఎలా బతుకుతుందో రాయాలట. ఎవరు ఎక్కడ పీకి ఎక్కడ నాటారో ఇంటింటికీ తిరిగి రాసే పని నాకు అప్పజెప్పారు. పదకొండు ఇళ్ళు తిరిగాను. నాటింది పక్కింటివాళ్ళేనని పదకొండిళ్ళూ చెప్పాయి.

ఇలా అడగడంతో సంగతి కాలవ అవతలికి పాకింది. ఇప్పుడే చప్పుడైతే తొంగి చూశాను. అవతలి ఊరివాళ్ళు ట్రాక్టరు నిండా గొబ్బిమొక్కలేసుకొచ్చి మన గట్టు దగ్గర ఆపారు. తాడు కూడా తెచ్చుకున్నారు. మీ అత్తయ్య కేకేస్తోంది, వెళ్ళి కనీసం వరసలైనా తిన్నగా నాటించమని.