అరవై తొమ్మిదేళ్ల నాటి అవుట్

అక్కా, దేవుని కృపవల్ల జర్మనీలో, ఈ మన్‌హైమ్‌లో కులాసా. వీడియోలో నా మోకాలి కట్టు చూసి ఏడ్చావట. తోలు చెక్కుకుపోయిందంతే, ఎముక బాగానే ఉంది.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ష్మిట్ తాత, క్రౌస్ తాత ఉన్నారు. 1956లో ప్రత్యర్థి జట్లకు బేస్‌బాల్ ఆడారు. అది మన క్రికెట్‌కు దాయాదిలాంటి ఆట. ఫైనల్లో ష్మిట్ పరుగెత్తుకొచ్చి గీత మీదికి జారితే, గీత చేరకముందే బంతి తాకించానని, అవుటేనని క్రౌస్ అన్నాడట. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆదివారం భోజనాల దగ్గర మళ్లీ రాజుకుంది. "ఇండియావాడివి, నీకు పక్షపాతం ఉండదు. నువ్వే చెప్పు" అని నన్ను పట్టుకున్నారు. ష్మిట్ చెప్పినట్టే హాల్లో పరుగెత్తి జారాను. మోకాలు అక్కడే చెక్కుకుంది. క్రౌస్ ఉండచుట్టిన మేజోడు నా కాలికి తాకించాడు.

"డౌటుంటే బ్యాట్స్‌మన్‌కే ఇవ్వాలి. నాటౌట్" అన్నాను.

క్రౌస్ మండిపడ్డాడు. గెలిచిన ష్మిట్ అంతకంటే మండిపడ్డాడు: "డౌటేంటి? డౌటెక్కడుంది?" ఇప్పుడిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, నన్ను తిట్టుకుంటూ తింటున్నారు.

నా నర్సింగ్ మార్కుల లిస్టు ఫొటో తీసి పంపు, మంగళవారం ఇక్కడి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంది. కుట్టుమిషన్ బాగైందా? పాపకు ముద్దులు. బావగారికి వందనాలు, కుర్రాళ్లు మ్యాచ్‌కి అంపైర్‌గా పిలిస్తే మాత్రం వెళ్లొద్దని చెప్పు.

నీ తమ్ముడు
ఇస్సాకు