రాపోలు ఆండాళు గీసిన పిట్టలు, వాటి వారసులు

నారాయణపేట కాపురస్తురాలను, కీర్తిశేషులు రాపోలు సిద్దిరాములు భార్యను, అరవై దాటిన ఆండాళును, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించుకొనుచున్న మరణశాసనము. నా బుద్ధి స్థిరముగా ఉన్నది. ఈ మాట అందరూ ఊరికే వ్రాయిస్తారు, నేను గట్టిగా వ్రాయిస్తున్నాను. మగ్గం వదిలి పొద్దంతా గుట్టల్లో కూర్చొని ఇర్రి జింకలను, పిట్టలను నీళ్లరంగులతో గీస్తానని, నా మరిది లక్ష్మీనర్సయ్య "మా వదినెకు పిచ్చి లేసింది, గామె రాసిచ్చిన కాగితం చెల్లది" అని బజారంతా చాటినాడు. నాకు పిల్లలు లేరు, నేను పిచ్చిదాన్నని తేలితే ఇల్లు, చిత్రాలు అతని పాలే.

1. నా భర్త నుంచి నాకు దక్కిన ఇంట్లో వెనుక అర్ర బిక్షమ్మది. ఇన్నేండ్లు నీళ్లకుండ నెత్తిన పెట్టుకొని నా వెంట గుట్టలెక్కింది. కూలిమనిషి కదా అని ఎవరూ వెళ్లగొట్టరాదు. తదనంతరం ఆమె బిడ్డకు సర్వహక్కులు.

2. ముందరి మగ్గాల సాల, చిత్రాలన్నీ బాలికల బడికి. అమలు బాధ్యత ఆ బడి పంతులమ్మ గుర్వమ్మది. చిత్రాలు పెట్టెలో పెట్టి తాళం వేయరాదు, గోడకు వేలాడదీయాలి. కాగితానికి మాత్రం గంజి పెట్టరాదు. సాలోళ్ల అలవాటుకొద్దీ నూలుకు పెట్టినట్టు నేను పెడితే, ఒక వానకాలం గీసినదంతా పురుగులు కమ్మగా తిన్నవి. మరిది పడీపడీ నవ్వినాడు. మళ్లీ గుట్టలెక్కి అన్నీ గీసినాను. ముందటికంటె బాగా వచ్చినవి.

3. రంగుల పెట్టె నా భర్త చీరలమ్మబోయి పట్నం నుంచి తెచ్చినది. ఎందుకు తెచ్చినాడో చెప్పలేదు, నేనడగలేదు. ఎండకు మాడుతున్నానని మరుసటేడు గొడుగు తెచ్చినాడు. ఆయనంటే నాకు ప్రాణం. బతికుండగా ఆ మాట అనలేదు, ఇక్కడ వ్రాయిస్తున్నాను. పెట్టె బడిలో బాగా గీసే పిల్లకు ఇవ్వాలి. గొడుగు ఎవరికీ ఇవ్వను, నా పాడె మీద పెట్టండి.

4. నా తోడికోడలు, ఆ మరిది భార్య సావిత్రమ్మకు కుందేలు చిత్రం చేతికే ఇచ్చినాను. ఇన్నాళ్లు మొగనికి తెలియకుండా వచ్చి నా చిత్రాలు చూసిపోయేది. ఇక నట్టింట్లో వేలాడదీసుకోవచ్చు.

5. ఇక మరిది సంగతి. తాతలనాటి గుడి అంచు చీరలు ఈ ఏడు కదలకపోయేసరికి, నేను గీసిన కౌజుపిట్టల వరుస అంచుకు కావాలని లక్ష్మీనర్సయ్య నా గడప తొక్కినాడు. "జర ఇయ్యి వదినె" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను గుట్ట గెలిచి ఇల్లు గెలిచినాను. కౌజుల అంచుతో నేసిన మొదటి చీర అతడే తెచ్చి ఇచ్చినాడు, ఇప్పుడు అదే కట్టుకొని కూర్చున్నాను. ఆ అంచు మీద అతనికి, అతని కొడుకులకు శాశ్వత హక్కు ఇస్తున్నాను. షరతు ఒక్కటే. ఈ పత్రం మొదలు నుంచి చివరిదాకా చదివించుకొని విని, నా తెలివికి తానే సాక్షిగా దిగువ చేవ్రాలు చేయాలి.

నారాయణపేట, 1964 ఫిబ్రవరి 9.

(చేవ్రాలు) రాపోలు ఆండాళు

సాక్షులు:
ఐలేశం, దస్తూరి కూడా ఇతనిదే.
రాపోలు లక్ష్మీనర్సయ్య. అంతా విన్నాను. మా వదినె పూర్తి తెలివితో ఉన్నది.