వదులు పడవ

దాండేలి, 14-11-2004

నాయనకు,

క్షేమంగానే ఉన్నాను. నేను ఏట్లో పడ్డానని, ఇక్కడ మాకు పని నేర్పే హిందూపురం ముస్తాకన్న మీకు ఫోనులో చెప్పాడట. దెబ్బలేమీ తగల్లేదు, అమ్మను ఏడవొద్దని చెప్పు.

ఏట్లో తెప్పలెక్కే టూరిస్టులకు కాపలాగా పోయే మేము సీజను మొదట్లో ఎవరి కయాక్ వాళ్ళే ఎంచుకోవాలి. ఒక్క మనిషి కాళ్ళు చాపి కూర్చుని తెడ్డు వేసే పడవ అది. ముస్తాకన్న మరీ పొడుగూ పొట్టీ కానిదొకటి చూపించి, "ఇది తీసుకోప్పా. ఏటెమ్మడి పోతాది, అలల మీద ఆడనూ ఆడతాది. మోకాళ్ళు బిగుసుకోని ఉండాల" అన్నాడు. నాకేమో అందులో ఊపిరాడలేదు. "గుంతలో కాళ్ళు ఆడితేనే మగ్గం ఆడేది" అని నేత నేర్పేటప్పుడు నువ్వనే మాట గుర్తొచ్చి, కాళ్ళు ఆడే వదులు పడవ తీసుకున్నాను. మొదటి నురగనీళ్ళలోనే అది బోర్లాపడింది. బిగుతుగా ఉంటే నడుము తిప్పి పడవతో సహా పైకి లేవచ్చునట. నేను జారి బయటపడ్డాను, పడవ రాళ్ళకు కొట్టుకుని పగిలింది. తప్పు నీ మాటది కాదు, మగ్గం మాటను ఏటికి తెచ్చిన నాది. ముస్తాకన్న చూపిన పడవ ఇప్పుడు వేరేవాడిది. అది అలల మీద ఎగురుతుంటే నేను గట్టున, నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే తాడు పట్టుకుని నిలబడుతున్నాను.

నువ్వు నేస్తున్న పెళ్ళి చీర మగ్గం దిగిందా? అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? పెనుకొండ అత్తను అడిగానని చెప్పు. నా మగ్గం గుంత మాత్రం పూడ్చవద్దు. నీళ్ళకింద తలకిందులుగా ఉన్నప్పుడు నా కాళ్ళు మగ్గం తొక్కుడు పలకల కోసం వెతికాయి నాయనా.

నీ కొడుకు
కుళ్ళాయప్ప