విడి పాలపొడి

1962 జూన్ 4, సోమవారం
నిన్న ఇక్కడ "చిన్నదానికి పాలపొడి పడటం లేదు" అని రాశాను. తప్పు. పడనిది పాలు కాదు, పాలలో కలిసినదేదో. పొద్దున దాని అంగీ మీద ఒలికిన పాలు ఎండి గుడ్డ బిగుసుకుపోయింది — గంజి పట్టించిన నూలులా. ఈ వేళ్లకు గంజి కొత్త కాదు. పాలు ఇట్లా ఎండవు.

జూన్ 5
కోడలికి టైఫాయిడు, చన్నుపాలు లేవు. ఆరు నెలల పిల్లకు ఆ పొడే ఆధారం. నిండు డబ్బా కొనే తాహతు ఎవరికుంది? వీధంతా నర్సయ్య దుకాణంలో విడిగా తూకం వేయించుకొచ్చేదే. కొడుకు నమ్మలేదు.
"నర్సయ్య మనోడే అమ్మా. గట్ల చేస్తడా?"
"మనోడనే కద, డబ్బా చూపియ్యమని అడగకపోతిమి."
దవాఖానలో డాక్టరు పొడి ఆపమన్నాడు. మహబూబ్‌నగర్ ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు తానే కబురు పంపుతానన్నాడు.

జూన్ 6
కడుపు కుదుటపడేదాకా గ్లూకోజు నీళ్లే. ఏడ్చే ఓపిక కూడా తగ్గింది పిల్లకు.

జూన్ 8, శుక్రవారం
ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొడి కొని మూడు సీసాల్లో పోసి లక్క ముద్ర వేశాడు. ఒకటి పరీక్షకు, ఒకటి తన దగ్గర, ఒకటి నర్సయ్యకే! సర్కారు కాయిదా అట. ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. బజారు బజారంతా ఒక్కసారిగా పనులు గుర్తొచ్చి మాయమైంది. నా కొడుకుతో సహా.
"నేను పెడత దస్తఖత్."
"మగోళ్లెవరూ లేరా అమ్మా?"
"ఉన్నరు. ఇప్పుడే ఉరికిన్రు."
సైకిలు షాపు ఖాసిం నవ్వాపుకొని ముందుకొచ్చాడు. "అవ్వ పెడితే నేనూ పెడత."
నర్సయ్య — "నీ మనుమరాలికి అరగకుంటే నా దుకాణం మూయిస్తవా అవ్వా?"
"నీ మనుమనికి గిదే పొడి తాపుతున్నవా?"
గల్లాపెట్టె సర్దుకోసాగాడు.

జూన్ 9
రిపోర్టు ఎప్పుడొస్తుందో... అప్పటిదాకా దుకాణం మూయించే అధికారం తనకు లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. నర్సయ్య పొద్దున్నుంచీ పొట్లాలు కడుతూనే ఉన్నాడు. కొడుకు నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.
మేకపాలు మరిగించి, నీళ్లు కలిపి పట్టి చూడమన్నాడు డాక్టరు.
రేపు తెల్లవారగానే మేకలు సాకే తాహెరా ఇంటికి. నా ముందరే పిండాలి. వెనక సందు రాములమ్మ పిల్లవాడికీ ఆ పొడే పోస్తున్నారు — గిన్నెలు రెండు తీసుకుపోవాలి.