కళ్ళకద్దుకున్న పువ్వు

3 డిసెంబరు 1967, ఆదివారం

నాకు డైరీ అలవాటు లేదు. స్కూల్ ఫైనల్ పాసయ్యాక చాకలి పద్దు తప్ప ఏమీ రాయలేదు. అక్షరాలు ఇంకా కనిపిస్తుండగానే రాసుకోవాలనిపించింది.

కార్తీకమంతా ఒక్క వత్తికి మూడు వెలుగులు కనపడ్డాయి. స్వామి దయ అనుకున్నాను. నిన్న మా పెద్దాడపడుచు తాయారు వదిన అన్నం ముందు కూర్చుని, ఏటే పార్వతీ, బియ్యం ఏరినావా, రాళ్ళు ఏరి ఎసట్లో పోసినావా అంది. మా వారు నవ్వలేదు.

భర్త పోయినప్పటి నుంచీ వదిన మాతోనే ఉంది. నోరు పెద్దది. నాకు జ్వరమొస్తే మాత్రం మంచం దగ్గర నుంచి కదలదు.

14 డిసెంబరు

పాసింజరులో కోటబొమ్మాళి నుంచి విజయనగరం వెళ్ళి కంటి డాక్టరుగారికి చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ శుక్లాలట. కుడికన్ను బాగా ముదిరిందట. కంటి మీద పొర పెరగడం కాదమ్మా, లోపల తాటిముంజ లాంటిది ఒకటుంటుంది, లేతగా ఉన్నన్నాళ్ళు నీళ్ళలా ఉంటుంది, వయసుతో తెల్లబడుతుంది, మా అమ్మకీ వచ్చింది అన్నారు. ఏ చుక్కల మందుతోనూ కరగదట. ఎండలో గొడుగు వేసుకోమన్నారు. నందివర్ధనం పూలరసం పిండుతానని వదిన అంటే, అలాంటివి పోసి ఉన్న చూపు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశానమ్మా అన్నారు. స్టేషను చేరేదాకా వదిన ఆయన్ని తిడుతూనే ఉంది.

31 జనవరి 1968, విజయనగరం, సాయంత్రం

రేపు కుడికన్ను. అరసవల్లి స్వామీ, నీదే భారం.

10 మార్చి

ఎడమకంటితో రాస్తున్నాను. వరస తప్పితే తప్పనీ.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు కళ్ళూ కట్టి, తలకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. కదలొద్దు, దగ్గొద్దు, కంటి మీద చెయ్యి వెయ్యొద్దు. పక్క బెడ్డు జగ్గమ్మది ఎచ్చెర్ల దగ్గర పల్లె. నెల్లిమర్ల మిల్లు బస్తానాగ కట్టీసి పడీసినారు తల్లీ, ఇంక రైలెక్కించడమే తరువాయి అనేది. నవ్వకూడదని పళ్ళు బిగబట్టేదాన్ని.

రథసప్తమికి వదిన ఉపవాసంతో అరసవల్లి వెళ్ళింది. ఆ జనంలో నలిగి, బస్సులో నిలబడి తిరిగొచ్చింది. ఇదిగోనే, స్వామి పాదాల కాడి పువ్వు అని నా చేతిలో పెట్టి మంచినీళ్ళకి వెళ్ళింది. ఎర్రగన్నేరట. ఇంకా తడిగా ఉంది. ప్రసాదం చేతికందితే నా చెయ్యి పుట్టినప్పటి నుంచీ ఎక్కడికి పోతుందో అక్కడికే పోయింది. కట్టు మీదే గట్టిగా అద్దుకున్నాను. లోపల ఏదో జారింది. వేడిగా కారింది.

కట్టు విప్పి డాక్టరుగారు చాలాసేపు చూశారు. చెయ్యి తగిలిందా అమ్మా అన్నారు. వదిన నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. లేదన్నాను.

ఆ కన్ను పోయింది.

22 ఆగస్టు

ఎడమది కూడా మసకబారుతోంది. తెల్లచీర టీలో ముంచినట్టుంది. పొద్దున్న గడప తన్నుకుని పడ్డాను. ఆ డాక్టరు చెయ్యి మంచిది కాదని వదిన వీధి వీధంతా చెబుతోంది. నేను విని ఊరుకుంటున్నాను. పూజలో కూర్చుంటే మనసు నిలవడం లేదు.

26 నవంబరు

డాక్టరుగారు ఎడమకన్ను చెయ్యనన్నారు. మొదటిది ఎందుకు చెడిందో నాకు తెలియలేదమ్మా, అది తెలియకుండా ఉన్న ఒక్క కన్నూ ఎలా ముట్టుకోను అన్నారు. అంత పెద్ద చదువు చదివిన మనిషి గొంతులో భయం విన్నాను. ఆ భయం పెట్టింది నేను. నీకు సేతకాదని ఒప్పీసుకో బాబూ అంది వదిన. ఆయన ఆ మాట కూడా పడ్డారు.

వదినని కాఫీకి పంపించి చెప్పేశాను. పువ్వు సంగతి, అబద్ధం సంగతి. ఆయన కోప్పడలేదు. ఆవిడకి తెలియనివ్వనులెండి అన్నారు. నేనడగకుండానే. మళ్ళీ ఎవరైనా ప్రసాదం తెస్తే ఏం చేస్తారమ్మా అని అడిగారు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు, కట్టెయ్యండి అన్నాను.

19 జనవరి 1969, విజయనగరం

రేపు ఎడమకన్ను. చేతులు మంచానికి కట్టడానికి నా పాత నేతచీర అంచు చింపి సిస్టరు చేతికిచ్చాను.

16 మార్చి

కళ్ళజోడు వచ్చింది. అక్షరాలు గుమ్మడికాయలంతేసి ఉన్నాయి.

రథసప్తమికి వదిన మళ్ళీ పువ్వు తెచ్చింది. చెయ్యి లేచింది. అంచు ఆపింది. ఇన్నాళ్ళకి కుదిరిందే ఆ డాక్టరు చెయ్యి అంటోంది వదిన.

ఇవాళ ఆవిడ ముఖం దగ్గరగా చూశాను. కుడి కంటిపాప తెల్లగా ఉంది, ముదిరిన ముంజలాగ. ఆవిడకీ కట్టు కడతారు. పువ్వు నేనే తెస్తాను. చేతికివ్వను. ఎందుకే అంటుంది. డాక్టరుగారు వద్దన్నారంటాను.

ఈ కాగితాలు ఎవరి చేతికి దొరికినా చింపకండి. ఎవరికీ చూపించకండి. వదినకి చదువు రాదు. చదివి వినిపించకండి.