ఇంజను తాగే నీళ్లు

మన బోటు ఇంజను మార్చక్కర్లేదమ్మా. నువ్వు అడగలేదు, అయినా ముందు అదే చెప్తున్నాను. ఇక్కడ నాన్న, నేను, అసిరమ్మ నానమ్మ ముగ్గురం వేళకి తింటున్నాం. కువైట్‌లో నీకు ఎండదెబ్బ తగల్లేదని నానమ్మకి చెప్పాను, నమ్మలేదు.

నాన్నా, చలమయ్య మావా మాట్లాడుకుంటున్నారా అని అడిగావు కదా. లేదు. ఆదివారం మావ కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. నాన్న రానంటున్నాడు. నీ తమ్ముడింటికి మనింటి నుంచి పెద్దోళ్లెవరూ వెళ్లకపోతే నీకెలా ఉంటుందో నాకు తెలుసు.

గొడవంతా బోటు గురించే. చేపల వేట నిషేధం రెండు నెలలూ అయ్యాక బోటు నీళ్లలోకి దింపాం. సముద్రంలో జోరుగా వెళ్తే ఇంజను బాగానే ఉంటోంది. వల వేయడానికి నెమ్మది చేసినా, హార్బర్‌లోకి మెల్లగా వస్తున్నా పొయ్యిలా కాగిపోతోంది. నిషేధంలో, ఇంజనుని చల్లబరిచే నీళ్ల పంపుకి రబ్బరు చక్రం మార్చింది మావే. జెట్టీ మీద అందరి ముందూ నాన్న అనేశాడు.

"నా ఇంజనుకి నకిలీ సక్రం యేసినావేట్రా?"

"బావా, సక్రం కొత్తదే. ఇప్పి సూపిస్తాను, సూడు."

"నా బోటెక్కీకు ఇంక."

అప్పట్నుంచి మావ రావడం లేదు.

మొన్న ఇంజను నీళ్లు బయటికి పోసే గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. జోరు మీద ధార నా మణికట్టంత లావు వస్తోంది. నెమ్మది చేస్తే దారంలా అయిపోతోంది. నాన్న టీకి వెళ్లినప్పుడు మావ వేసిన చక్రం విప్పి చూశాను. రెక్కలన్నీ బాగున్నాయి. అంటే కింద నుంచే నీళ్లు సరిగా రావడం లేదు.

అప్పుడు గుర్తొచ్చిందమ్మా. నిషేధంలో బోటు అడుగున రంగు వేసింది నేనే. "ఒక్క సుక్క కాళీ ఉంచీకు" అన్నాడు నాన్న. ఇంజను నీళ్లు పీల్చుకునే చోట చిన్న చిల్లుల జల్లెడ ఉంటుంది. దాని మీద కూడా వేయాలా అని అడగాలనుకున్నాను. పక్కన పెద్దోళ్లున్నారు, సిగ్గేసింది. రెండు పూతలు వేసేశాను. సగం చిల్లులు మూసుకుపోయాయి. జోరుగా వెళ్తే మిగిలిన వాటిలోంచి నీళ్లు తోసుకొచ్చేస్తాయి, నెమ్మదిలో చాలవు.

నిన్న మేకు పట్టుకుని బోటు కిందకి మునిగాను. ఊపిరి చాలక ఏడెనిమిది సార్లు పైకొచ్చాను. చిల్లుల్లో రంగంతా గీకేశాను. సాయంత్రం నాన్న జెట్టీ నుంచి మెల్లగా నడిపాడు. వేడెక్కలేదు.

"ఏట్రా, దానంతటదే తగ్గిపోనాదా?" అన్నాడు. నేను తల దించుకుని వల సర్దాను.

రాత్రికి ఆగలేక మావ మెకానిక్ షెడ్డుకి వెళ్లి మొత్తం చెప్పాను. మావ నవ్వి నవ్వి చేతిలో స్పానరు కింద పడేశాడు.

"నీ నోరు మూసుకున్నది సాలక ఇంజను నోరు కూడా మూసీసినావేట్రా? మీ నాన్నకి నాను సెప్పను. నువ్వే సెప్పాల. సెప్పినాక నానే వచ్చి బావని ఆదివారానికి పిలుత్తాను."

నాన్న మెసేజీ చదవలేడు, నోటితోనే చెప్పాలి. రేపు తెల్లారి బోటులో ఇద్దరమే ఉంటాం. కొట్టినా పర్లేదు, చెప్పేస్తాను. నువ్వు ఫోన్ చేసి చెప్పేయకు. కానీ మొదటి మాటే రావడం లేదు. నాన్నతో కష్టమైన సంగతి చెప్పాల్సొస్తే నువ్వు ఏ మాటతో మొదలుపెట్టేదానివమ్మా?

ఇట్లు,
నీ జవాబు చూసి పడుకుందామని కూర్చున్న నీ కొడుకు
నాగవంశీ